రెండోసారి అడుగుతారులే

మా రాజుగారు చెడ్డవారు కాదండి. ఆ ముక్క ముందే చెప్పేస్తే, తర్వాత నేను ఆయన్ని ఎంత తిట్టినా మీరు అపార్థం చేసుకోరు. కోపం నాది, మొహమాటం ఆయనది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా కోపం ఆయనకి అంటలేదు, ఆయన మొహమాటం నాకు అంటలేదు.

పేరు విశ్వనాథరాజు. భీమవరం దాటాక కాలవ గట్టు వెంట కొంత దూరం వస్తే మా ఊరు. పొద్దున్నే బండేసుకుని భీమవరం వెళ్ళి డిగ్రీ కాలేజీలో పిల్లలకి చరిత్ర చెప్తారు. మధ్యాహ్నానికి వచ్చేసి, కాస్త నడుం వాల్చి, ఎండ తగ్గాక మా చేపల చెరువు గట్టు మీదికి పోతారు. అక్కడ కొబ్బరిచెట్ల నడుమ ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంటుంది. అందులో కూర్చుని, ఒళ్ళో పుస్తకం పెట్టుకుని, చైనా భాష చదువుకుంటారు. పైకే చదువుతారు. ఆ భాషలో గొంతు ఎక్కడం దిగడం ఉంటుంది కదా, దూరం నుంచి వింటే ఎవరో నిద్రలో పాడుతున్నట్టు ఉంటుంది. ఊళ్ళో వాళ్ళు ఎదురుగా రాజుగారండి అంటారు, వెనకాల చైనారాజు అంటారు. రెండోదే ఆయనకి ఎక్కువ ఇష్టమని నా అనుమానం.

ఈ పిచ్చి ఎక్కడ మొదలైందో మా అత్తయ్యగారు వరలక్ష్మమ్మగారు నాకు చాలాసార్లు చెప్పారు. వాళ్ళ మామగారు చెరువులో గడ్డి మోపులు వేయిస్తుంటే, చేపలు పైకొచ్చి పరకల్ని పట్టుకుని కిందికి లాక్కుపోయేవట. "శీలావతి, బొచ్చె మనవి బాబూ. ఈ గడ్డిచేప మాత్రం చైనా నుంచి వచ్చింది" అన్నారట ఆ పెద్దాయన మనవడితో. "మరి దానికి వాళ్ళ ఊరు గుర్తుంటుందా తాతయ్యా?" అని అడిగారట మా రాజుగారు. పెద్దాయన నవ్వేసి పనిలో పడ్డారు. ఈయన మాత్రం ఆ ప్రశ్న దగ్గరే ఉండిపోయారు, ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

హైదరాబాదులో ఎం.ఏ. చదివేటప్పుడు తోటివాళ్ళంతా సాయంత్రాలు కంప్యూటర్ కోర్సులకి పోతుంటే ఈయన చైనీస్ క్లాసుకి పోయారు. చరిత్రలో పిహెచ్‌డీ కూడా చేశారు. మా మామగారు పోయాక చెరువులు చూసుకునేవాళ్ళు లేక ఇంటికొచ్చేశారు. వచ్చేటప్పుడు తెచ్చుకున్న పెట్టెల్లో బట్టల కన్నా పుస్తకాలే ఎక్కువ.

చైనాకి దక్షిణాన కూడా మనలాంటి డెల్టా ఒకటి ఉందటండి. అక్కడ చెరువు గట్ల మీద కొబ్బరికి బదులు మల్బరీ పెంచేవారట. ఆకులు పట్టుపురుగులకి, పురుగుల పెంట చేపలకి, చెరువు అడుగున బురద తోడి మళ్ళీ చెట్లకి. ఏదీ పారేసేది లేదు. కొన్ని వందల ఏళ్ళు అలా నడిచిందట. పొద్దు వాలే వేళ ఇదంతా చెప్తూ, నీళ్ళలో కదిలే కొబ్బరిచెట్ల నీడ చూపించి, "అదిగో సత్యా, ఆ కిందది వాళ్ళ ఊరు" అనేవారు. నేను నవ్వేదాన్ని. కానీ చెప్పకేం, కాసేపు అలా చూస్తూ కూర్చుంటే నాకూ నీళ్ళ అడుగున వేరే చెట్లు, వేరే ఇళ్ళు, ఆకుల బుట్టలు నెత్తిన పెట్టుకుని గట్టు మీద పోయే ఆడవాళ్ళు కనపడేవారు. వాళ్ళు మాట్లాడుకుంటున్నట్టు కూడా ఉండేది. చేప ఒకటి ఎగిరి పడితే అంతా చెదిరిపోయేది.

"ఆ చెరువులు పూడ్చేసి ఫ్యాక్టరీలు కడుతున్నారు. ఇంకా కొన్నే మిగిలాయి. అవి కూడా పోకముందు ఒక్కసారి ఆ గట్టు మీద నడవాలి" అనేవారు. ఆయనకంటూ ఒక కోరిక ఉందని నేను విన్నది అదొక్కటే. అది కూడా నా మొహం చూసి చెప్పలేదు, చెరువు వైపు చూసి చెప్పుకునేవారు.

ఇక మొహమాటం సంగతి. మా వైపు భోజనాల పద్ధతి తెలియని వాళ్ళ కోసం చెప్తున్నాను. కూర ఇంకాస్త వెయ్యమంటారా అని అడిగితే చాలండి అనాలి. అయ్యో ఏం తిన్నారని, అని రెండోసారి అడుగుతారు. అప్పుడు విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టాలి. మూడోసారి వేళ్ళ సందులోంచి వేసేస్తారు. అప్పుడు మీరు మరీనండి అనుకుంటూ తినాలి. మొదటిసారికే వెయ్యండి అన్నవాడు ఆబగా ఉన్నాడని, మూడోసారి కూడా వద్దన్నవాడికి నిజంగానే కడుపు నిండిందని అర్థం. మా ఇళ్ళల్లో పిల్లలకి నడకతో పాటే ఇది వచ్చేస్తుంది. మా రాజుగారికి కాస్త మోతాదు మించి వచ్చింది. పెళ్ళిచూపుల్లో అమ్మాయి నచ్చిందా బాబూ అని మా నాన్నగారు అడిగితే, "నాదేముందండి, వారికి నేను నచ్చాలి గాని" అన్నారు. మా నాన్నగారు కూడా ఈ నీళ్ళు తాగినవారే కాబట్టి, నచ్చిందని అర్థం చేసుకుని ముహూర్తం పెట్టించేశారు. మన మధ్య నడిచినంత కాలం ఈ పద్ధతిలో ఇబ్బందేం లేదండి.

చైనా మీద పరిశోధన చేసేవాళ్ళకి ఆసియా దేశాలన్నిటికీ కలిపి ఏటా కొద్దిమందికి ఒక ఫౌండేషన్ వాళ్ళు ఫెలోషిప్ ఇస్తారు. ఏడాది పాటు అక్కడి యూనివర్సిటీలో ఉండి, పాత రికార్డులు చూసుకుని, పల్లెలు తిరిగి రాసుకోవచ్చు. ఖర్చంతా వాళ్ళదే. మా రాజుగారు అంతకుముందు కూడా పెట్టారు, రాలేదు. మధ్యలో కొన్నాళ్ళు రాకపోకలే లేకుండా పోయాయి. మళ్ళీ దారులు తెరిచి ఫెలోషిప్ ప్రకటించేసరికి ఈయనకి వయసు అంచుకొచ్చేసింది. నలభై ఐదు దాటితే తీసుకోరు. ఈయనకి అవి నిండడానికి ఇంకా కొన్ని నెలలే ఉన్నాయి. అంటే ఇదే ఆఖరు.

ఈసారి నేను కొంగు బిగించాను. అప్లికేషన్‌కి ఆయన పాత గైడుగారి సిఫార్సు ఉత్తరం కావాలి. "సార్ పనుల్లో ఉంటారేమో, ఎలా అడుగుతాం సత్యా" అని రోజూ ఫోను తియ్యడం, పక్కన పెట్టడం. చూసి చూసి ఒళ్ళు మండి నేనే హైదరాబాదుకి ఫోన్ చేశాను. "సార్, నేను విశ్వనాథరాజుగారి భార్య శ్రీసత్యనండి. ఆయనకి మీ ఉత్తరం ఒకటి కావాలి, అడగడానికి మొహమాటపడుతున్నారు" అన్నాను. ఆయన నవ్వి ఆ పూటే పంపించేశారు. అక్కడ మన బాధ్యత తీసుకునే ప్రొఫెసరు ఒకరు ఉండాలంటే, చెరువుల మీద పుస్తకాలు రాసిన లియాంగ్ గారని ఒక పెద్దావిడ ఒప్పుకున్నారు. రెండు డెల్టాల చెరువుల్ని పక్కపక్కన పెట్టి చూస్తానని ఈయన రాసిన ప్రతిపాదన ఆవిడకి బాగా నచ్చిందట.

ఇంటర్వ్యూ మా హాల్లోనే, లాప్‌టాప్‌లో, అంతా చైనా భాషలో. అత్తయ్యగారు పట్టుచీర కట్టుకుని, కెమెరాకి కనపడకుండా గుమ్మం చాటున కూర్చున్నారు. నేను తలుపు పక్కన నిలబడ్డాను. మొదట ఈయన గొంతు లేవలేదు. తర్వాత ఎవరో గడ్డిచేప గురించి అడిగారట, అక్కడి నుంచి ఆపేవాళ్ళు లేరు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు గాని, ఇంట్లో ఇన్నేళ్ళూ నాతో మాట్లాడిన మనిషి ఈయనేనా అనిపించింది. అడక్కుండానే చెప్పేస్తున్నారు, చేతులు తిప్పుతున్నారు, నవ్వుతున్నారు. అవతలివాళ్ళు కూడా నవ్వుతున్నారు. నాకు చాలా గర్వంగా అనిపించింది, కాస్త కుళ్ళుగా కూడా అనిపించింది.

ఫలితం వచ్చినరోజు చెరువులో చేపలు పడుతున్నారు. వలల వాళ్ళ కేకలు, ఐసు లారీ, గట్టంతా తడి. ఆ గోలలో ఫోను చూసుకుని, ప్యాంటు మోకాళ్ళదాకా తడిసి ఉన్న మనిషి నా దగ్గరికి నడిచొచ్చి, "వచ్చింది సత్యా" అన్నారు. నాకు గట్టిగా అరవాలనిపించింది. "మెల్లిగా, పనివాళ్ళున్నారు" అన్నారు. దానికి కూడా మొహమాటమే.

ఎంపికయ్యారు, సమ్మతి తెలియజేయండి అని ఆ మెయిల్లో ఉంది. ఆయ్, వస్తానండి అని ఒక ముక్క రాస్తే అయిపోయేది. ఈయన కుర్చీలో కూర్చుని, వాళ్ళ పాతకాలపు భాషలో, చెక్కినట్టు ఒక జవాబు రాశారు. రాసి, పంపించేసి, నాకు తెలుగులో అర్థం చెప్పారు. "మీ ఆదరణకి నమస్కారం. ఇంత గౌరవానికి నేను తగను. నాకన్నా యోగ్యులు ఎందరో ఉంటారు, వారికి ఇచ్చినా నాకు ఎంతో సంతోషం." ఇదీ సంగతి.

"అదేంటండీ, వద్దని రాశారేంటి?" అన్నాను.

"వద్దనడం కాదు, ఒప్పుకునే పద్ధతే అది. వాళ్ళ పాత పుస్తకాల్లో ఎక్కడ చూడు, పెద్ద పదవి ఇస్తామంటే ముందు తగనని చెప్తారు, మళ్ళీ చెప్తారు, మూడోసారికి తలవంచి తీసుకుంటారు. అచ్చం మనలాంటి వాళ్ళే సత్యా." ఆ మాట అంటున్నప్పుడు ఆయన మొహం వెలిగిపోతోంది. ఎక్కడో దూరదేశంలో తన చుట్టాలు దొరికినంత సంబరం.

"మళ్ళీ అడక్కపోతే?"

"రెండోసారి అడుగుతారులే."

"అడక్కుండా ఎలా ఉంటారమ్మా, అంత చదువుకున్నవాళ్ళు" అని అత్తయ్యగారు కూడా అన్నారు. సరే, తల్లీకొడుకులిద్దరూ అంత ధీమాగా ఉంటే నాకు మాత్రం ఏం తెలుసు. నేనూ నమ్మాను.

ఆ తర్వాతి రోజులు తలుచుకుంటే ఇప్పటికీ కలగన్నట్టే ఉంటుంది. అప్పుడే వానలు మొదలయ్యాయి. చెరువు మీద జల్లు కొడుతుంటే గట్టు మీద గొడుగు కింద ఇద్దరం కూర్చునేవాళ్ళం. వచ్చే ఏడు ఈ పాటికి ఆయన అక్కడి వానలో ఉంటారు, చెరువుల సంగతి నేను చూసుకుంటాను, మేత దగ్గర నుంచి చేపల బేరం దాకా నాకు తెలియనిదేముంది. అత్తయ్యగారు వంటింట్లోంచి కేకేసి అడిగేవారు. అక్కడ కూడా పొద్దున్నే వాకిట్లో నీళ్ళు చల్లుతారా బాబూ. అక్కడి చేప మన చేపంత రుచిగా ఉంటుందా. ఆడవాళ్ళు పువ్వులు పెట్టుకుంటారా. ఈయన ఒక్కోదానికి ఓపిగ్గా, తను నిన్ననే చూసొచ్చినట్టు చెప్పేవారు. తెలియనిచోట తెలియదనేవారు, "వెళ్ళాక చూసి చెప్తానమ్మా" అనేవారు. ఆ మాట అనడం కోసమే కొన్ని తెలియదన్నారేమో అని నాకనిపించేది.

నాకొక కలొచ్చింది. పొడుగాటి గట్టు మీద నేను నడుస్తున్నాను. రెండు వైపులా మల్బరీ చెట్లు. నిజానికి నేను మల్బరీ చెట్టు ఎప్పుడూ చూడలేదు, మందారం చెట్లే కాస్త పెద్దవిగా కనపడ్డాయి. నీళ్ళలోంచి ఎవరో చైనా భాషలో మాట్లాడుతున్నారు, నాకు అంతా అర్థమవుతోంది. గట్టు చివర మా ఇంటి పెరటి గోడ వచ్చింది. లేచాక ఆయనకి చెప్తే, "చూశావా, అదీ ఇదీ ఒకటే గట్టు అన్నమాట" అన్నారు. నాతో అంతంత మాటలు మాట్లాడిన రోజులు మా పెళ్ళయ్యాక అవే.

జవాబొచ్చింది. మధ్యాహ్నం భోజనానికి ముందు లాప్‌టాప్ తెరిచి చదువుకున్నారు. చదివి మూత వాల్చేశారు. ఏమైందండీ అంటే మెల్లిగా అర్థం చెప్పారు. మీ ఉదారమైన నిర్ణయాన్ని గౌరవిస్తున్నాం. మీరు కోరినట్టే మీ తర్వాతి వారికి ఫెలోషిప్ అందించాం, వారు సంతోషంగా అంగీకరించారు. మీ పరిశోధనకి మా శుభాకాంక్షలు.

"నిజంగానే ఇచ్చేశారు సత్యా" అన్నారు.

అప్పుడు నేనన్న మాటలన్నీ ఇక్కడ రాయను. "రాసిస్తే ఇవ్వరా మరి, నువ్వు తీసుకో అని మీరే చేత్తో పెట్టి పంపితే పుచ్చుకోరా? ఇన్నేళ్ళ చదువూ ఒక్క మర్యాద కింద పెట్టి తొక్కేశారు. నోరు తెరిచి కావాలి అంటే ఏం పోయింది, ముత్యాలు రాలతాయా?" అన్నది వాటిలో మెత్తనిది. ఆయన ఎదురు చెప్పలేదు. చెప్పి ఉంటే నా కోపం కొంతైనా తీరేది.

అత్తయ్యగారికి ఎంత చెప్పినా సంగతి బోధపడలేదు. "రెండోసారి అడగనే లేదా? ఒక్కమాటకే విస్తరెత్తేస్తారా ఎవరైనా? అదేం పెట్టుపోత?" అని ఆ ఫౌండేషన్ వాళ్ళ మీద కోప్పడ్డారు. ఆవిడ దృష్టిలో తప్పంతా వడ్డించేవాళ్ళదే. ఆ రోజు ఆవిడ కూడా అన్నం తినలేదు.

లియాంగ్ గారు ఎందుకు వద్దన్నారని అడుగుతూ వీడియో కాల్ చేశారు. ఈయన జరిగింది చెప్పారు. "మా అమ్మమ్మ బతికుంటే మీ ఉత్తరం చదివి వెంటనే మళ్ళీ అడిగేది. ఆ ఆఫీసులో ఉన్నది పాతికేళ్ళ పిల్లలు. వాళ్ళకి ఆ వాక్యాలు అర్థమయ్యాయి గాని ఆ పద్ధతి తెలియదు" అన్నారట. ఆవిడ తన వంతుగా ఫౌండేషన్‌తో మాట్లాడి చూశారు. అవతలి మనిషి ఒప్పేసుకున్నాక చేసేదేం లేదన్నారు. పోనీ ఆ మనిషికే ఒక ముక్క రాసి చూడండి అని నేనంటే, "ఒకరి విస్తట్లో వడ్డించింది తీసుకుంటామా సత్యా" అన్నారు మా రాజుగారు. ఆ తర్వాత వయసు కూడా దాటిపోయింది.

అప్పటినుంచి గట్టు మీదికి పుస్తకం తీసుకెళ్ళడం మానేశారు. వెళ్ళేవారు, మేత వేయించేవారు, నీళ్ళు చూసేవారు, వచ్చేసేవారు. ఆ గొంతు వినపడని సాయంత్రాలు నాకు ఊరంతా చెవుడొచ్చినట్టు ఉండేది. పెరట్లో అంట్లు తోముకుంటూ చెవి అటే పెట్టేదాన్ని. మోటారు చప్పుడు, కప్పలు, అంతే.

ఇలా కాదని నేనొక పంతం పట్టాను. ఈ మనిషికి కావాలి అనడం నేర్పాలి. భోజనాల దగ్గర ఒక్కసారే అడుగుతాను, చాలంటే గిన్నె లోపల పెట్టేస్తాను అని చెప్పేశాను. చెప్పినట్టే చేశాను. కూర వెయ్యనా అంటే అలవాటుగా చాలనేవారు, నేను గిన్నె తీసుకుని లోపలికి పోయేదాన్ని. సగం కడుపుతో లేచిపోయేవారు. అత్తయ్యగారు నేను చూడకుండా పెరుగన్నంలో అరటిపండు పిసికి తెచ్చి, బతిమాలి బతిమాలి పెట్టేవారు. ఆ మనిషి చిక్కిపోతుంటే ఒకరోజు నాకే ఏడుపొచ్చింది.

"అడగడానికి మీకేంటండీ అంత కష్టం?" అన్నాను.

"అడిగితే అవతలివాళ్ళు లేదనాల్సి రావచ్చు. అప్పుడు వాళ్ళు ఎంత ఇబ్బంది పడతారు సత్యా."

"మరి మీరు ఇబ్బంది పడితే?"

"నాకు అలవాటే కదా" అన్నారు. ఆ మాటలో నిష్ఠూరం లేదు, మామూలుగా చెప్పారు. నా పంతం అక్కడితో సరి. ఆ పూట నుంచి మళ్ళీ మూడుసార్లూ అడగడం మొదలుపెట్టాను.

చలికాలంలో లియాంగ్ గారు మన దేశం వచ్చారు. విశాఖపట్నంలో ఏదో సదస్సుకట. అది అయ్యాక మా చెరువు చూస్తానని రైలెక్కి భీమవరంలో దిగారు. పొట్టి మనిషి, తెల్లటి పొట్టి జుట్టు, భుజాన గుడ్డసంచి. నేను ప్రొఫెసరమ్మ అంటే గంభీరంగా ఉంటారనుకున్నాను. చెరువు గట్టు ఎక్కగానే చెప్పులు విప్పేసి బురదలోకి దిగిపోయారు. ఈయన గడ్డి మోపు విప్పి నీళ్ళలో వేయిస్తే, పరకలు ఒక్కొక్కటే కదిలి కిందికి పోతుంటే, ఆవిడ చిన్నపిల్లలా నవ్వారు. ఏదో అడిగారు. ఈయన జవాబు చెప్పారు. మళ్ళీ అడిగారు. నేను కాస్త వెనక నడుస్తున్నాను. ఎన్నో నెలలుగా మూతపడి ఉన్న ఆ గొంతు మళ్ళీ ఎక్కుతోంది, దిగుతోంది. మంచు ఇంకా పూర్తిగా విడలేదు. కొబ్బరిచెట్ల తలలు కనపడటం లేదు, అవతలి గట్టు కనపడటం లేదు. వాళ్ళిద్దరూ ఏ దేశంలో నడుస్తున్నారో చెప్పడం కష్టంగా ఉంది.

మధ్యాహ్నం అరిటాకుల్లో వడ్డించాం. పండుగప్ప చేప ఇగురు, రొయ్యల వేపుడు, గోంగూర, ముద్దపప్పు. అత్తయ్యగారికి ఆవిడ భాష రాదు, ఆవిడకి అత్తయ్యగారి భాష రాదు. అయినా అత్తయ్యగారు గిన్నె పట్టుకుని వంగి అడిగారు. ఆవిడ నవ్వుతూ తలూపి వద్దన్నారు. అత్తయ్యగారు రెండోసారి వంగారు. ఆవిడ ఆకు మీద చెయ్యి అడ్డం పెట్టారు. మూడోసారి అత్తయ్యగారు ఆ చేతి పక్కనుంచి రెండు ముక్కలు జార్చేశారు. లియాంగ్ గారు ఏదో అనుకుంటూ తిన్నారు, తప్పకుండా మీరు మరీనండి అనే ఉంటారు. "పద్ధతి తెలిసిన మనిషమ్మా" అని అత్తయ్యగారు మురిసిపోయారు.

అప్పుడు లియాంగ్ గారు తినడం ఆపి, మా రాజుగారి వైపు తిరిగి నాలుగు మాటలన్నారు. నవ్వడం లేదు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటే అన్నారు. ఆ మాటలు తర్వాత ఆయన నాకు చెప్పారు, మీకు ఇప్పుడే చెప్పేస్తాను. "నా దగ్గర చిన్న పరిశోధన నిధి ఒకటి ఉంది. దానికి వయసు నిబంధన లేదు. మూడు నెలల పాటు ఉండేందుకు ఒక మనిషిని పిలుచుకోవచ్చు. డబ్బు అంతంతమాత్రం, గది ఇరుకు. నేను చూపించాలనుకుంటున్న చెరువులు వచ్చే ఏడాదికి ఉండవు. నిధి ఇచ్చేవాళ్ళకి నేను రేపే పేరు చెప్పాలి. అందుకని ఒక్కసారే అడుగుతున్నాను. వస్తారా?"

నాకు మాటలు తెలియలేదు గాని విషయం తెలిసిపోయింది. వడ్డించేవాళ్ళ గొంతు ఏ భాషలో అయినా తెలుస్తుంది. మా రాజుగారి కుడిచెయ్యి అన్నంలో ఆగిపోయింది. ఎడమచెయ్యి లేచింది. అది ఆయన లేపింది కాదండి, పుట్టినప్పటి నుంచి ఉన్న అలవాటు లేపింది. ఆకు మీద అడ్డం పెట్టడానికి వస్తోంది. చెరువు గట్టు మీది సాయంత్రాలన్నీ ఆ చేతి కిందికి పోబోతున్నాయని నాకు భయం వేసింది. నేనే అరిచి వస్తారండీ అని చెప్పేద్దామనుకున్నాను.

ఆ చెయ్యి దారిలో ఆగింది. కిందికి దిగి నేల మీద ఆనుకుంది.

"కావాలండి" అన్నారు. తెలుగులో అన్నారు. "నాకు కావాలి. నేనొస్తాను."

అన్నాక తెలిసొచ్చి, గబగబా చైనా భాషలో చెప్పబోయారు. చెప్పాల్సిన అవసరం లేకపోయింది, లియాంగ్ గారు అప్పటికే తలూపేశారు.

అత్తయ్యగారు ఇగురు గిన్నెతో నా పక్కకి వచ్చి నిలబడ్డారు. "ఏం కావాలంటున్నాడమ్మా?" అన్నారు చెవిలో.

"చైనా రమ్మంటున్నారనుకుంటానండి. వస్తానంటున్నారు."

"ఎన్నిసార్లు అడిగారు?"

"ఒక్కసారే అత్తయ్యా."

ఆవిడ మొహం చిన్నబోయింది. ఇంటికొచ్చిన మనిషి ముందు కొడుకు మొదటి మాటకే ఒప్పేసుకున్నాడంటే ఆవిడకి నామోషీ. ఏదో అనబోయి కొడుకు వైపు చూశారు. ఆయన తలొంచుకుని, ఆకులోకి కన్నీళ్ళు కారుతుంటే ఎడమచేత్తో తుడుచుకుంటున్నారు.

"అంత కావాలన్నమాట వాడికి" అన్నారు అత్తయ్యగారు. "కన్నదాన్ని, నాకు తెలీనే లేదు."

గిన్నె నా చేతికిచ్చి, వెళ్ళి కొడుకు పక్కన నేల మీద కూర్చున్నారు.